బందెలదొడ్డిలో రాతి పొట్టేలు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, తర్లుపాడు పక్కన మా పల్లెలో ఒక పొట్టేలును బందెలదొడ్డిలో పెట్టారు. అది రాయి. అయితేనేం, చట్టానికి ప్రాణం ఉన్నదీ లేనిదీ అనే భేదం లేదు కదా!

మా ఆడవాళ్లు నీళ్లకు రెండు మైళ్లు నడుస్తున్నారని ప్రభుత్వం బావి మంజూరు చేసింది. తవ్వుతుంటే ఒక వెడల్పాటి బండ బయటపడింది. దాని మీద చుట్టలు తిరిగిన కొమ్ముల అచ్చులు. మునసబు గోవిందయ్యగారు చట్టం తెలిసినవారు. కొమ్ములున్నాయి గనుక పొట్టేలేనని, సొంతదారు కనబడలేదు గనుక తప్పిపోయినదేనని తేల్చి, బండను దొడ్డికి తోలించారు. సొంతదారు వచ్చి విడిపించుకునేదాకా బావి పని ఆపమని దండోరా వేయించారు. దొడ్డి కాపలాదారు రోజూ గడ్డి వేసి, పొట్టేలు మేత ముట్టడం లేదని వినయంగా మనవి చేసుకునేవాడు.

కబురు రాజధానికి అందింది. కర్నూలు నుంచి రాళ్ల ఆఫీసరు ప్రభాకరరావుగారు వచ్చారు.

"మహాజనులారా! ఇవి కొమ్ములు కావు. జురాసిక్ కాలపు సముద్రజీవుల గుల్లలు. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం అలలెత్తుతూ ఉండేది!" అని ఉపన్యసించారు. ఆ అలలు వర్ణించేలోపల మా వాడ మాలకొండమ్మ రెండు మైళ్లు మోసుకొచ్చిన బిందెడు నీళ్లూ ఆయనా, ఆయన పరివారమూ ఖాళీ చేశారు.

సొంతదారు ఎవరో తెలిసినందుకు మునసబుగారు సంతోషించారు. సముద్రం స్వయంగా హాజరై పొట్టేలును తోలుకుపోవాలని మళ్లీ దండోరా వేయించారు. గడువు దాటినా సముద్రం రాలేదు. దానికేం అడ్డం వచ్చిందో!

మాలకొండమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకొని దొడ్డి కాపలాదారు దగ్గరికి పోయింది.

"మామా, ఆ పొట్టేలు నాదే. ఇడిచిపెట్టు."

"నీదని రుజువేందమ్మే?"

"నీళ్లు లేక ఎండి ఎండి రాయైపోయింది. మా వాడలోది కాకపోతే ఇంకెవురి గొర్రె అట్ల అయితాది?"

కాపలాదారు ఈ మాట చేరవేస్తే, మునసబుగారికి ఎంత ఆలోచించినా ఆ వాదనలో లోపం కనబడలేదు. పొట్టేలు విడుదలైంది. బావి పని సాగింది. తియ్యటి నీళ్లు పడ్డాయి.

ప్రారంభోత్సవానికి శిలాఫలకం కావలసి వచ్చింది. ఆ బండనే తిరగేసి, నున్నటి వైపు మునసబుగారి పేరూ, ఆఫీసరుగారి పేరూ, దండలు వేయించుకున్న పెద్దలందరి పేర్లూ చెక్కించారు. తవ్వినవాళ్ల పేర్లకు చోటు చాలలేదు. మాలకొండమ్మను మాత్రం మరిచిపోలేదు. సభకు నీళ్లు తోడే పని ఆమెకే అప్పగించారు.

ఇంకొన్ని కోట్ల ఏళ్లకు ఎవరో ఆ బండను మళ్లీ తవ్వి తీస్తారు. రెండు వైపులా చూసి, ఇక్కడ రెండు రకాల జీవులు బతికాయంటారు. మొదటివి నీళ్లలో బతికాయని ఇట్టే చెప్పేస్తారు. రెండోవి ఎవరు మోసిన నీళ్లతో బతికాయో మాత్రం, ఎంత చదువుకున్నవాళ్లకైనా అంతుపట్టదు.