దగ్గే ట్రాక్టరు ఇంటికి అందం

మీ ఇంట్లో సరిగ్గా నడవని డీజిల్ ఇంజన్ ఏదైనా ఉందా? ఉంటే మీరు అదృష్టవంతులు. లేకపోతే ఈ వ్యాసం పూర్తయ్యేలోగా ఎక్కడైనా ఒకటి చూసి పెట్టుకోండి. డబ్బు పోసి మరీ నడిచే ఇంజన్లు కొనుక్కునే అమాయకులు లోకంలో బోలెడుమంది ఉన్నారు. దయచేసి మీరు వాళ్లలో చేరకండి!

నేనూ ఒకప్పుడు ఆ అమాయకుల్లో ఒకణ్ణే. మా ఇంటి వెనక చిన్న తోట ఉంది. ఆ తోట దున్నడానికి దానికి తగ్గ ట్రాక్టరు ఉంది. మంచం కంటే కాస్త పొడవు ఉంటుంది, అంతే. కొన్నది నేనైనా నడిపేది మా ఆవిడ. ఏటా తాళం తిప్పేది, అది డుగుడుగుమంటూ కదిలేది, దున్నడం అయ్యాక షెడ్డులో పెట్టేసి వచ్చి కాళ్లు కడుక్కునేది. ఇందులో చెప్పుకోడానికి ఏమైనా ఉందా? చూడ్డానికి ఒక్కరు వచ్చారా? ఎలా ఉందని ఒక్కరు అడిగారా? అలాంటి ఇంజన్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత!

ఈ ఏడు మా దశ తిరిగింది. దున్నే రోజులు దగ్గర పడుతుండగా మా బావమరిది వచ్చాడు. షెడ్డులోకి తొంగి చూసి, "అక్కా, దీని అవతారం చూడలేకపోతున్నానే" అని చొక్కా విప్పి పక్కన పెట్టి, ట్రాక్టరుకి ఎర్రరంగు వెయ్యడం మొదలుపెట్టాడు. మా బావమరిది ఏ పని చేసినా మనసు పెట్టి చేస్తాడు. అతనితో వచ్చిన చిక్కే అది. బానెట్టుకి వేశాడు, మడ్‌గార్డులకి వేశాడు, సీటు కింద ఎవరూ చూడని చోట కూడా వేశాడు. డీజిల్ ట్యాంకు మూత అందరికీ ముందుగా కనబడుతుందని దానికి మాత్రం ఇంకో కోటింగు అదనంగా లాగించాడు. ఎండలోకి తెచ్చి నిలబెడితే వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

రంగు ఆరాక మా ఆవిడ తాళం తిప్పింది. మొదట బాగానే నడిచింది. కాసేపటికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గింది. డుగుడుగు కాస్తా డుగ్... డుగ్డుగ్... డుగ్ అయింది. గుటకలు మింగింది, ఒళ్లంతా వణికింది, ఆగిపోయింది.

అప్పటికే మా ఆవిడ నారు పోసి ఉంది. టమాటా, మిరప, వంగ. పెరుగు డబ్బాల్లో, చెవులు విరిగిన కప్పుల్లో, కిటికీ గట్ల మీద, మెట్ల మీద, ఆఖరికి వాషింగ్ మెషీన్ మీద కూడా మొక్కలే. వాటిని నేలలో నాటాలంటే తోట దున్నాలి. దున్నాలంటే ట్రాక్టరు నడవాలి. ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది, నాటినా బతకదు. ఆవిడ బెంగ అది. ఆడవాళ్ల ఆలోచన ఎప్పుడూ ఇలా మొక్కల దగ్గరే ఆగిపోతుంది. ఇంజన్ దాకా రాదు.

ఇంజన్ పాడైందని తెలియగానే మా ఇంటికి వచ్చిన కళ ఏమని చెప్పను? పక్కింటి ఫిజిక్స్ మాస్టారు రిటైరైనప్పటి నుంచీ ఎవరి గుమ్మమూ తొక్కలేదు. ఆయన వచ్చారు. ఎదురింటి బస్సు డ్రైవరు సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు. రంగు వేసిన మా బావమరిది సరేసరి, వెళ్లినవాడు వెళ్లినట్టే వెనక్కి వచ్చాడు. ఇంత జనం మా ఇంట్లో గృహప్రవేశానికి కూడా లేరు!

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. డీజిల్ ఇంజన్ దగ్గరికి వచ్చిన ఏ మగవాడైనా ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "డీజిల్ ఉందా?" ఉందని చెబితే నమ్మడు. ట్యాంకు మూత తిప్పి తీస్తాడు. తియ్యగానే బుస్సుమని చప్పుడవుతుంది. ఒక కన్ను మూసి, రెండో కంటితో లోపలికి చూసి "ఉంది" అంటాడు, మనకేదో కొత్త సంగతి చెప్పినట్టు. మళ్లీ మూత బిగిస్తాడు. ఆ తర్వాతే తన వైద్యం మొదలుపెడతాడు.

మొదటి వైద్యం మా బావమరిదిది. మూత తీసి, చూసి, బిగించి, "పైపులో గాలి చేరింది బావా" అన్నాడు. ఏదో స్క్రూ వదులు చేసి, ఏదో పంపు నొక్కి, నాలుగు బుడగలు బయటికి తెప్పించాడు. స్టార్టు చేస్తే నిక్షేపంగా నడిచింది. "చూశావా?" అన్నాడు. చూశాను. కడుపారా భోంచేసి స్కూటరెక్కాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఇంజన్ దగ్గింది.

"నువ్వు మూత తీసినప్పుడు బుస్సుమంది, విన్నావురా?" అని మా ఆవిడ ఫోను చేసి అడిగింది.

"గాలక్కా అది. గాలే కదా నేను తీసింది" అన్నాడు వాడు.

తర్వాత మాస్టారు. ఆయనా మూత తీశారు, చూశారు, బిగించారు. ఎయిర్ ఫిల్టరు ఊడదీసి అరుగు మీద దులిపితే మా అరుగు నల్లబడింది, ఇంజన్ మాత్రం హాయిగా నడిచింది. మా ఆవిడ ఆయన్నీ ఆ బుస్సు గురించే అడిగింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "పీడన భేదమమ్మా. లోపల తక్కువ, బయట ఎక్కువ. అంతే" అన్నారు. అనేసి ఎయిర్ ఫిల్టరు బిగించడానికి వెళ్లిపోయారు. చదువంటే అదీ!

డ్రైవరు డీజిల్లో నీళ్లు కలిశాయన్నాడు. ఉన్న డీజిలంతా పారబోసి కొత్తది పోశాడు. నడిచింది. అతను కాలరెగరేసుకుంటూ వీధి దాటి వాళ్ల గేటు వేసుకునేసరికి ఆగింది. ఇక మెకానిక్కుని పిలిపించాం. ఊళ్లో ఆయన్ని నాజిల్ డాక్టరంటారు. ఏ యంత్రం చూపించినా, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఆ నాజిల్ పోయిందనే అంటాడు. ఒకసారి కుట్టుమిషను చూసి కూడా అలాగే అన్నాడట. ఆయన మూత తీశాడు, చూశాడు, బిగించాడు. నాజిల్ విప్పి కడిగి మళ్లీ పెట్టాడు. నడిచింది! "ఆ బుస్సుమనే చప్పుడేంటి బాబూ?" అని మా ఆవిడ అడిగితే, "కంప్రెషనమ్మా. ఇంజన్‌లో ప్రాణం ఉందన్నమాట" అని ధైర్యం చెప్పి వెళ్లాడు.

మీరే ఆలోచించండి. ఒక్క జబ్బు. ఇంతమంది వైద్యులు. అందరికీ విజయమే! వచ్చినవాడల్లా గెలిచి వెళ్లే ఆట లోకంలో ఇంకేదైనా ఉందా? బాగా నడిచే ఇంజన్ వీళ్లలో ఒక్కరికైనా ఈ గౌరవం ఇవ్వగలదా?

నాకు జరిగిన మేలు కూడా తక్కువేం కాదు. స్పానరుకీ గరిటెకీ తేడా తెలియని నేను, ఆఫీసులో ఇప్పుడు "గవర్నర్ హంటింగ్ చేస్తోందండీ" అని అనగలుగుతున్నాను. అంటే ఏమిటని ఎవరూ అడగరు, అడగడానికి భయం. ఇంజన్ వణుకుతున్నప్పుడు సీటు మీద కూర్చుంటే నా నడుంనొప్పి తగ్గింది. పొగకి దోమలు వీధి చివరికి వెళ్లిపోయాయి. ఇంజన్ చప్పుడు రికార్డు చేసి మా స్నేహితుల గ్రూపులో పెడితే, చిన్నప్పుడెప్పుడో మాటలు మానేసినవాడు కూడా జవాబిచ్చాడు. "మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలి" అని రాశాడు. పాపం, మంచి మనసు.

మా ఆవిడ మాత్రం ఈ ఆనందంలో పాలుపంచుకోలేదు. చేత్తో తవ్వడానికి పలుగు వేస్తే ఎండిన నేల దిగనివ్వలేదు. వంగ నారు కాళ్లు సాగిపోయి ఒకదాని మీద ఒకటి వాలుతోంది. ఆవిడ చీపురుపుల్లలు గుచ్చి నిలబెట్టింది. పొద్దున ఈ కిటికీ, మధ్యాహ్నం ఆ కిటికీ, ఎండ ఎటుంటే అటు డబ్బాలు మోసింది. ఒక సాయంత్రం షెడ్డులో అందరం నిలబడి ఉండగా వచ్చి, "ఒక్క మాట. మూత తీసినప్పుడల్లా బాగవుతోంది. మూత బిగించాక కాసేపటికి ఆగుతోంది. రంగు వేసినప్పటి నుంచే ఇదంతా" అంది.

"నువ్వుండవే, పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం" అన్నాను. ఆ పెద్దవాళ్లలో ఆవిడ తమ్ముడు కూడా ఉన్నాడు.

ఆవిడ చేతిలో ఒక పెరుగు డబ్బా ఉంది. అందులోని వంగమొక్కని వేలితో పైకెత్తి చూసింది. వేలు తీస్తే మళ్లీ పడిపోయింది. "ఇది ఇంక బతకదు" అంది. చూశారా, ఎంత తొందరో.

అసలు పండగ ఆ తర్వాతి ఆదివారం. మా ముందుగదిలో పెద్ద సభ జరిగింది. మాస్టారు ఇంజన్ బొమ్మ గీశారు. డ్రైవరు అది బస్సు ఇంజనన్నాడు. వాదించి వాదించి అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఇంజన్ దింపేసి పూర్తిగా విప్పాలి. ఆ మాటతో గదిలో అందరి మొహాలూ వెలిగాయి.

"దింపితే మళ్లీ ఎప్పటికవుతుంది?" అని మా ఆవిడ టీ గ్లాసులు పెడుతూ అడిగింది.

"దింపాక గానీ చెప్పలేమమ్మా" అన్నాడు నాజిల్ డాక్టరు.

ఆవిడ ఖాళీ పళ్లెం తీసుకుని పెరటివైపు వెళ్లింది. మేం ఇంజన్ని ఏ గొలుసుతో దింపాలా అన్న దగ్గర ఉన్నాం. ఇంతలో ఎక్కడినుంచో ఇంజన్ చప్పుడు వినబడింది. ఎక్కడా తడబాటు లేకుండా, ఒకే వరసన డుగుడుగుడుగు. కాసేపు విన్నాం. ఆగలేదు. ఇంకాసేపు విన్నాం. ఆగలేదు.

"ఇది మనది కాదు బావా. మనది ఇంత బాగా నడవదు" అని మా బావమరిది తేల్చేశాడు. నిజమేనన్నారు మాస్టారు. ఎవరి ఇంజనో గానీ పెట్టి పుట్టారని అందరం అనుకుని, మళ్లీ గొలుసు దగ్గరికి వచ్చాం. రెండో విడత టీ ఎంతకీ రాకపోయేసరికి గానీ అనుమానం రాలేదు.

వెళ్లి చూస్తే తోట సగం దున్నేసి ఉంది. ఎర్ర ట్రాక్టరు అటు కంచె దాకా వెళ్లి ఇటు తిరిగి వస్తోంది. చెంగు నడుముకి బిగించి సీటు మీద మా ఆవిడ. షెడ్డు గట్టు మీద ఒక పిన్నీసు, దాని కొసకి ఎర్రరంగు పెచ్చు.

మా దగ్గరికి వచ్చాక ఆవిడ వేగం తగ్గించింది. "మూతకి సన్నటి చిల్లు ఉంటుంది. డీజిల్ ఖర్చవుతున్నకొద్దీ దాంట్లోంచి గాలి లోపలికి వెళ్లాలి. వెళ్లకపోతే డీజిల్ కిందికి దిగదు. అది రంగుతో పూడిపోయింది. పొడిచాను" అంది. మా జవాబు కోసం ఆగకుండా ట్రాక్టరు తిప్పుకుని వెళ్లిపోయింది.

ముందుగా తేరుకున్నది నాజిల్ డాక్టరు. నాజిల్ శుభ్రంగా ఉండబట్టే ఇప్పుడు అంత సాఫీగా నడుస్తోందన్నాడు. ఫిల్టరు దులపకపోతే చిల్లు పొడిచినా లాభం ఉండేది కాదన్నారు మాస్టారు. పీడన భేదమని మొదటే చెప్పాను కదా అని కూడా అన్నారు. డ్రైవరు తను పోసిన డీజిల్ని గుర్తుచేశాడు. "రంగు ఎంత గట్టిగా పట్టిందో చూడు బావా. పిన్నీసు పెట్టి పొడిస్తే గానీ రాలేదు" అని మా బావమరిది మురిసిపోయాడు. అందరూ మళ్లీ గెలిచారు.

ఆ సాయంత్రమే ఆవిడ నారు నాటింది. టమాటా నిలబడింది, మిరప నిలబడింది. వంగ ఒక్కటీ బతకలేదు. ఆ డబ్బాలు కడిగి కుళాయి కింద బోర్లించింది.

ఇప్పుడు మా ఇల్లు బావురుమంటోంది. మాస్టారు మళ్లీ గుమ్మం దిగడం మానేశారు. డ్రైవరు డ్యూటీకి పోయాడు. ట్రాక్టరు షెడ్డులో ఉంది, ఎలా ఉందని అడిగేవాడే లేడు. పాడైన ఇంజన్ విలువ ఏమిటో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మొన్న మా ఆవిడ, "ఒకసారి మీ చెవులు చూపించుకుందాం రండి" అంది. నా ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధ! వెళ్లాం. డాక్టరు రెండు చెవుల్లోనూ లైటు వేసి చూశాడు. హెడ్‌ఫోన్లు పెట్టి ఏవేవో చప్పుళ్లు వినిపించాడు. వినబడినప్పుడల్లా వేలెత్తమన్నాడు, ఎత్తాను. ఒక్కటీ వదల్లేదు.

"చెవులు చాలా బాగున్నాయండీ. ఎక్కడా ఏదీ అడ్డం లేదు" అన్నాడు.

"ఏదైనా ఉంటే బాగుండేది డాక్టరుగారూ" అంది మా ఆవిడ. "తీసేస్తే సరిపోయేది."

డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చే దారిలో ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఏమో, మాట్లాడిందేమో కూడా. నేను మా బావమరిదితో ఫోన్లో ఉన్నాను.