చేతిసంచి హోదాలో రాజభవన ప్రవేశం

ఒక ఊరిని చూడాలంటే ఆ ఊరికి వెళితే చాలన్న మూఢనమ్మకాన్ని సందర్శకుల క్రమబద్ధీకరణ శాఖ ఎప్పుడో రద్దు చేసింది. నది ఒడ్డున కోటలూ గుళ్లూ భుజాలు రాసుకుంటూ నిలబడ్డ ఆ పాత పట్టణంలో ఏది చూడాలన్నా ముందు యాప్‌లో సందర్శకుడిగా పుట్టాలి. (పుట్టిన తేదీ తప్పనిసరి. చూడాలన్న కోరిక ఐచ్ఛికం.)

ఈ సంగతి టూరిస్టు బస్సు డ్రైవరుకు తెలియనిది కాదు. ఉద్యోగంలో చేరింది మొదలు రిటైరయ్యేదాకా ఆ ఊరికి జనాన్ని చేరవేసింది ఆయనే. వాళ్లు రాజభవనం చూసి, గుళ్లు తిరిగి, నదిని ఫోన్లలో నింపుకొని వచ్చేదాకా పార్కింగ్‌లో, వెనక సీటు మీద కాళ్లు చాపుకొని పడుకునేవాడు. ఇంటికొచ్చాక భార్య "ఎలా ఉంది ఊరు?" అని అడిగితే, "నీడ బాగుంది" అనేవాడు.

అందుకే ఆయన రిటైరైన వారమే ఆవిడ పట్టుబట్టింది. "ఈసారి మీరు నడపొద్దు. నా పక్కన కూర్చోండి. రాణిగారి వసారాలోంచి ఇద్దరం నదిని చూసొద్దాం." బయల్దేరారు. దారి పొడుగునా ఆయన లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు.

రాజభవనం గేటు దగ్గర ఆవిడ ఫోను చూపగానే గేటు తెరుచుకుంది. ఆయన ఫోను చూపితే మాత్రం మూలిగింది. 'డ్రైవరు. కేటాయించిన స్థలం: పార్కింగ్' అని తెర మీద పడింది. ఇద్దరూ వర్గీకరణాధికారి కిటికీ దగ్గరికి వెళ్లారు.

"ఇంతకుముందు ఇక్కడికి వచ్చారా?" అని అడిగాడు అధికారి.

"లెక్కలేనన్ని సార్లు" అన్నాడు డ్రైవరు.

"మరింకేం చూస్తారు సార్? పాతవాళ్లకి కొత్తగా సందర్శక హోదా ఇవ్వం."

"లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు బాబూ."

"అంటే రాలేదన్నమాట. రాకుండానే అన్నిసార్లు మా పార్కింగ్ వాడుకున్నారా?"

డ్రైవరు మొహం వేలాడేశాడు. "పోనీలే, నువ్వు చూసిరా. నేను బయటుంటా. నాకు అలవాటేగా" అన్నాడు భార్యతో. ఆ చివరి మాట ఆవిడకు చురుక్కుమంది.

"నాతోపాటు ఏం తీసుకెళ్లొచ్చు నాయనా?" అని అడిగింది అధికారిని.

"ఒక చేతిసంచి."

"సంచి తేలేదు. ఈయన్ని తీసుకెళ్తా."

అధికారి నిబంధనలు తిరగేశాడు. చేతిసంచి మోయదగినదై ఉండాలని ఉంది. "మోయగలరా?"

"పెళ్లయినప్పట్నుంచీ మోస్తూనే ఉన్నా."

శాఖ అనుభవాన్ని గౌరవిస్తుంది. డ్రైవరు మణికట్టుకు పసుపు చీటీ కట్టారు. ఆయన స్కానింగ్ బెల్టు మీద వెల్లకిలా పడుకుని, యంత్రంలో అటునుంచి దూరి ఇటునుంచి ఏ అభ్యంతరమూ లేకుండా బయటికొచ్చాడు.

తీరా వసారా దగ్గర కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. "వసారాలోకి సామాన్లు తేకూడదమ్మా. ఇక్కడ పెట్టి వెళ్లండి."

"వెళ్లు, ఇంతదూరం వచ్చి చూడకుండా పోతావా" అని డ్రైవరే ఆవిణ్ని ముందుకు తోసి, గోడవారగా నిలబడ్డాడు.

ఇంతలో కాపలాదారు మారాడు. కొత్తాయన వస్తూనే, "ఈ సామాను ఎవరిది?" అని అరిచాడు. జవాబు చెప్పాలా వద్దా అని డ్రైవరు తటపటాయించాడు. (సామాను తనంతట తాను మాట్లాడితే అనుమానాస్పదం కింద లెక్క.) ఆ తటపటాయింపులోనే ఆయన్ని పై అంతస్తులోని దిక్కులేని సామాన్ల గదికి చేర్చేశారు.

ఒకప్పుడది రాణిగారి పడకగది. ఇప్పుడు నిండా గొడుగులు, నీళ్ల సీసాలు, జత తప్పిన చెప్పులు. వాటి వెనక గోడంత కిటికీ. కిటికీ నిండా నది.

డ్రైవరు గొడుగుల మీంచి దాటి వెళ్లాడు. అన్నేళ్లూ ఆయనకు నది అంటే జనం పాదాలకు అంటుకుని బస్సులోకొచ్చే తడి ఇసుక, సాయంత్రం చీపురుతో ఊడ్చిపారేసేది. ఆ ఇసుక ఇంత అందమైన చోటినుంచి వస్తోందని ఆయనకెవరూ చెప్పలేదు. గుడి మెట్లు నీళ్లలోకి దిగిపోతున్నాయి. గోపురాల నీడలు పడవలు వెళ్లినప్పుడల్లా చెదిరి మళ్లీ కుదురుకుంటున్నాయి.

అక్కడ వసారాలో ఆవిడకు తలలూ ఫోన్లూ తప్ప ఏమీ కనబడలేదు. ముందున్నాయన ఫోనులో కాస్త నది కనిపించింది గానీ, అంతలో ఆయనకెవరో ఫోన్ చేశారు. విసిగిపోయి వెనక్కి వస్తే మొగుడు లేడు. అడుగుతూ అడుగుతూ పై అంతస్తుకు పరిగెత్తింది.

"పోయిన వస్తువు గుర్తులు చెప్పండి" అన్నాడు గది గుమస్తా.

"బట్టతల. ఊరికే అలుగుతుంది. ఆకలేసినా చెప్పదు."

సరిపోయాయి. తలుపు తీశాడు. డ్రైవరు వెనక్కి తిరగలేదు. "ఇలా రా" అన్నాడంతే. ఆవిడ వెళ్లి పక్కన నిలబడింది. తిడదామని దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయింది.

"గుర్తుపట్టారుగా, తీసుకెళ్లండమ్మా" అన్నాడు గుమస్తా.

ఆవిడ మొగుణ్ని ఎగాదిగా చూసింది. "మాదో కాదో నాయనా. వెలుతుర్లో నింపాదిగా చూసి చెప్తా."

చీకటి పడే వేళకు మాదే అని ఒప్పుకుంది. వెళ్తూ వెళ్తూ, "ఇంత మంచి గది అందరికీ చూపించొచ్చుగా నాయనా?" అంది.

గుమస్తా కంగారుపడ్డాడు. "ఎలా కుదురుతుందమ్మా? ఇక్కణ్నుంచి నది కనబడుతుంది. జనం నిలబడిపోతారు. లైను కదలొద్దూ?"