రాజుగారు నడిచిన నీలిగుడ్డ

పట్టాభిషేకం నాటి ఉదయం కొవ్వొత్తుల హంఫ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. వెస్ట్‌మినిస్టర్‌లో రాజభవనం గుమ్మం నుంచి పెద్ద చర్చి గుమ్మం దాకా పరిచిన నీలిగుడ్డ పక్కన పెందలాడే వెళ్ళి నిలబడాలి. కొత్త రాజుగారు దాని మీదుగా నడిచి వెళ్ళగానే, వత్తులు కత్తిరించే కత్తెరతో జానెడు ముక్క కత్తిరించుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. ఇందులో దొంగతనం ఏమీ లేదు. రాజు నడిచి వెళ్ళాక ఆ గుడ్డ జనానిదేనన్నది తాతల నాటి ఆచారం.

ముక్క కావలసింది హంఫ్రీకి కాదు, మనవరాలికి. ఆదివారం పాపకు జ్ఞానస్నానం. రాజుగారి గుడ్డ చుట్టి మరీ చర్చికి తీసుకెళ్తామని హంఫ్రీ భార్య థామసిన్ రొట్టెల బట్టీ దగ్గర పదిమంది ఆడవాళ్ళ ముందు అనేసింది. ఆ పదిమందిలో హంఫ్రీ అక్క పెట్రొనెల్ ఒకతె. కిందటి రాజు పట్టాభిషేకంలో సంపాదించిన బెత్తెడు ముక్కను ఆవిడ ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూ, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కాపాడుకొస్తోంది. "ఎవరూ, మా తమ్ముడా? తెచ్చినట్టే!" అని ఆవిడ నవ్విన నవ్వు వీధి చివరి దాకా వినిపించింది.

"ఏమయ్యా, ఖాళీ చేతులతో వచ్చావంటే ఆదివారం నేను చర్చికి రాను. మీ అక్క మొహం చూడటం నా వల్ల కాదు," అంది థామసిన్ అతని చేతిలో కత్తెర పెడుతూ.

"అది కాదే, నాకొక సందేహం," అన్నాడు హంఫ్రీ. "రాజుగారికి పవిత్ర తైలం పూసేది చర్చిలోకి వెళ్ళాక. గుడ్డ మీద నడిచేది వెళ్ళేటప్పుడు. అప్పటికి ఆయన పాదమూ మన పాదం లాంటిదే కదా? మరి గుడ్డకు మహిమ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"పాదిరిగారిని అడక్కపోయావా?"

"అడిగాను. 'హంఫ్రీ, నువ్వు కొవ్వొత్తులు బాగా చేస్తావు నాయనా' అన్నారు."

"చూశావా, ఆయనకు తెలుసు. ఇక బయల్దేరు, పొద్దెక్కుతోంది."

పొద్దు అప్పటికే ఎక్కింది. హంఫ్రీ వెళ్ళేసరికి గుడ్డ పక్కన జనం నాలుగు వరసలయ్యారు. వయసును గౌరవించి కొందరు దారి ఇవ్వడంతో రెండో వరస దాకా రాగలిగాడు. మొదటి వరసలో మాంసం కొట్టు బార్నబీ ఉన్నాడు. అతని వీపు కోట తలుపంత ఉంటుంది.

"ఏం కనబడుతోంది బార్నబీ?"

"గుడ్డ కనబడుతోందన్నా. దాని పక్కన బల్లేలు పట్టుకుని భటులు."

"ఇంకా?"

"ఇంకా గుడ్డే."

చలిలో గంటసేపు గడిచింది. అప్పుడు ఎక్కణ్ణుంచో వెండి గంటల చప్పుడు మొదలైంది. ఊళ్ళో చంటిపిల్లలకు కూడా ఆ చప్పుడంటే ఏమిటో తెలుసు. నాలుగు పొడుగాటి కర్రల మీద పట్టు చాందినీ, నాలుగు మూలలా నాలుగు వెండి గంటలు, ఆ చాందినీ నీడలో రాజుగారు. టోపీలన్నీ ఒక్కసారిగా ఊడాయి. తలలన్నీ వంగాయి. భటులూ తలలు వంచారు. హంఫ్రీ అయితే మోకాళ్ళ మీద కూలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గంటలు చాలా వేగంగా దగ్గరికొచ్చి, అంతే వేగంగా దూరమయ్యాయి.

"అయిపోయిందా?" అన్నాడు హంఫ్రీ లేస్తూ. బార్నబీ భుజం పైనుంచి అతనికి చాందినీ వెనకవైపు బంగారు కుచ్చులు ఊగుతూ కనిపించాయి.

"అయిపోయినట్టే ఉంది."

"ఎలా ఉన్నాడు రాజుగారు?"

"ఆయన వస్తుంటే తలెత్తి చూస్తామా? నేల చూశాను."

"బూరలు ఊదలేదే?"

"ఈ చలికి బూరలు మాత్రం పలుకుతాయా అన్నా?"

హంఫ్రీకి ఇంకో సందేహం కలిగింది. "భవనం నుంచి చర్చికి కదా వెళ్ళాలి? చర్చి నుంచి భవనానికి వెళ్ళినట్టుందే?"

"రాజుగారికి నువ్వు దారి చెబుతావా?" అన్నాడు బార్నబీ.

ఆ మాటా నిజమే అనిపించింది. హంఫ్రీ బార్నబీ కాళ్ళ సందులోంచి దూరి, సిలువ గుర్తు వేసుకుని, భక్తిగా జానెడంటే జానెడే కత్తిరించాడు. కత్తెర చప్పుడు విన్న బార్నబీ తన కత్తి తీశాడు. అతన్ని చూసి ఇటువైపు వాళ్ళు, వాళ్ళను చూసి అటువైపు వాళ్ళు దిగారు. అడ్డుకోవలసిన భటుడు తన తల్లికో ముక్క కోసి పెట్టమని బార్నబీని బతిమాలాడు. ఒక చిన్న ప్రార్థన చెప్పేంతలో ముప్పై అడుగుల మేర గుడ్డ మాయమై, కింద బురద బయటపడింది.

సరిగ్గా అప్పుడు రాజభవనం గుమ్మంలో బూరలు మోగాయి.

ఊరేగింపు దారి సరిచూడటానికి ముందుగా వచ్చిన కొలువు అధికారి, చేతిలో తెల్లకర్ర పట్టుకున్న దొర, బురద చూసి నిలబడిపోయాడు. "గుడ్డేదీ?"

బార్నబీ చొక్కాలోకి ఏదో కుక్కుకున్నాడు.

"రాజుగారు ఇప్పుడే వెళ్ళారు కదండీ," అన్నాడు హంఫ్రీ.

"వెళ్ళింది ఖాళీ చాందినీ! రాత్రి చర్చిలో పెట్టారు. మోసేవాళ్ళకు మెలకువ రాక, ఇప్పుడు భవనానికి పరిగెత్తుకొచ్చారు. రాజుగారు ఇంకా గడపే దాటలేదు!"

"మరి మేము మొక్కింది?"

"నాలుగు కర్రలకి!"

కిరీటం పెట్టకముందే రాజుగారి పాదం బురదలో పడితే అపశకునం. అంతకంటే ముందు ఆ దొర ఉద్యోగానికి అపశకునం. "పరచండి! ఎవరి దగ్గర ఏముంటే అది పరచండి!" అని ఆయన ఏడుపు గొంతుతో అరిచాడు.

ముక్కలు వెనక్కి వచ్చాయి. కానీ కొందరు అప్పటికే ముక్కలతో ఇళ్ళకు సగం దారిలో ఉన్నారు. ఎలా సర్దినా మధ్యలో పదడుగుల బురద మిగిలింది. మొదటి కత్తెర తనదేనని హంఫ్రీకి తెలుసు. దేవుడికి కూడా తెలుసు. అతను తన జానెడు ముక్కా బురద మీద పెట్టి, ఒంటి మీది నీలి ఉన్ని అంగీ కూడా విప్పి పరిచాడు. అది చూసి బార్నబీ నడుముకున్న తోలుగుడ్డ విప్పాడు.

"శుభ్రంగా ఉన్నవైపు పైకి పెట్టు," అన్నాడు హంఫ్రీ.

"అదే వెతుకుతున్నా."

చేపలమ్మే ఆవిడ తన పై లంగా ఇచ్చింది. తల్లికి ముక్క అడిగిన భటుడు తన పైగుడ్డ ఇచ్చాడు.

రాజుగారు వచ్చారు. ఈసారి హంఫ్రీ తల వంచలేదు. ఒకసారి మోసపోయినవాడు కదా. చాందినీ కింద సన్నగా, బరువైన వస్త్రాల్లో, జలుబుతో ముక్కు ఎర్రబడిన ఒక కుర్రవాడు నడుస్తున్నాడు. బార్నబీ తోలుగుడ్డ చూసి ఆగాడు. దాన్ని దాటి హంఫ్రీ అంగీ మీద రెండు పాదాలూ ఆనించి నిలబడి, ఒకసారి ఊపిరి తీసుకుని, ముందుకు సాగాడు. ఆ పాదం తమ పాదం లాంటిదేనని హంఫ్రీకి రూఢి అయింది. ఎందుకో ఆ కుర్రవాడి మీద జాలి కలిగింది. "దేవుడా, వీణ్ణి చల్లగా చూడు," అనుకున్నాడు.

ఆమెన్ అనేలోగా జనం మీద పడ్డారు. ఈసారి నిజంగా ఆచారం ప్రకారమే.

"అది నా అంగీ!" అని హంఫ్రీ అరిచాడు.

"రాజుగారు నడిచింది మీదెలా అవుతుందండీ?" అంది ఎవరో ఇల్లాలు, చెయ్యి వైపు కత్తిరిస్తూ. పక్కనే పరువు గల ముగ్గురు ఆడవాళ్ళు బార్నబీ తోలుగుడ్డ కోసం జుట్లు పట్టుకుంటున్నారు.

హంఫ్రీ తెల్లకర్ర దొర కాళ్ళ మీద పడ్డాడు. ఆయన కాసేపు న్యాయంగా ఆలోచించాడు. "రాజు నడిచింది జనానిది. తమరూ జనమే కదా, తమరూ కత్తిరించుకోండి," అన్నాడు. హంఫ్రీ వెనక్కి తిరిగేసరికి కత్తిరించడానికి బురద తప్ప ఏమీ మిగల్లేదు.

అంగీ లేకుండా, ముక్క లేకుండా, పళ్ళు టకటకలాడుతూ అతను ఇల్లు చేరాడు. జరిగింది చెప్పాడు. థామసిన్ తిట్టలేదు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని పాప తలకు కట్టే టోపీని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

అంతలో తలుపు తోసుకుని పెట్రొనెల్ వచ్చింది.

"తెచ్చాడా? తేలేదు కదూ! వీడి సంగతి నాకు తెలీదూ? అందుకే నేనూ వెళ్ళా. రాజుగారు రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డ చోటమ్మా! కళ్ళారా చూసి దూకా. ఇదిగో, మూరెడు! పాపకి కట్టండి. ఎవరు తెచ్చారని అడిగితే తాత అక్క తెచ్చిందని చెప్పండి."

అది నీలి ఉన్ని గుడ్డ. హంఫ్రీ నోరు తెరిచాడు. థామసిన్ చూపుతోనే దాన్ని మూయించి, గుడ్డ అందుకుని తిరగేసింది. కిందటి చలికాలం వేడి కొవ్వు చింది హంఫ్రీ అంగీకి చిల్లు పడితే, ఆమె బూడిదరంగు దారంతో వేసిన మాసిక అక్కడ క్షేమంగా ఉంది.

"వదినా, ఇక్కడ మాసిక వేసి ఉందే?"

"ఉండదూ మరి! రాజుగారి ఇంటి దర్జీలు గుడ్డ పారేస్తారా? ఆ కుట్టు చూడు, ముత్యాలు పేర్చినట్టు లేదూ? నువ్వూ వేస్తావు మాసికలు, గోతాలకి వేసినట్టు!"

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆడపడుచు నోట తన కుట్టుకు మెప్పు వినడం అదే మొదటిసారి కావడంతో, ఆ గుడ్డ ఎవరిదన్న సంగతి థామసిన్ ఆ రోజూ చెప్పలేదు, ఆ తరువాతా చెప్పలేదు.