మూడో టైరు దగ్గర ఆగిన గాలి

గాలి ప్రకృతి ఇచ్చేది. టైరులో గాలి మాత్రం పూర్తిగా పరిపాలనకు సంబంధించిన విషయం. ఈ సత్యాన్ని మా వంశంలో తొలిసారి గ్రహించినవాణ్ణి నేనే. డిగ్రీ తెచ్చుకున్న మొదటివాణ్ణి కాబట్టి, మా ఇంట్లో ఏదైనా తొలిసారి గ్రహించవలసిన బాధ్యత నాదే. మా ఇంటి రాజ్యాంగం ప్రకారం, అక్షరాలు అచ్చేసి ఉన్న ప్రతి వస్తువూ నా శాఖ కిందికి వస్తుంది. కరెంటు బిల్లు, మందు సీసా, టీవీ రిమోటు, అన్నీ. (నేను చదివింది చరిత్ర. ఆ సంగతి రాజ్యాంగంలో లేదు.)

మా నాన్న పాత జీపులో ఏటి అవతలికి మనుషుల్నీ మూటల్నీ చేరవేస్తుంటాడు. ఏరు ఎండినప్పుడు ఇసుకే దారి. కూరుకుపోకుండా టైర్లలో సగం గాలి తీసేయాలి. అవతల తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపాలి, లేకపోతే మెత్తబడ్డ టైర్లు వేడెక్కి చీలిపోతాయి. ఇన్నాళ్ళూ నాన్న ఈ పని కాలిపంపుతో కానిచ్చేవాడు. చదువుకున్న కొడుకు ఉండగా తండ్రి కాలితో గాలి కొట్టడం నాకు తలవంపులుగా తోచింది. చెల్లికి అవతలి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో ముహూర్తం కూడా కుదిరింది. ఫలానా రోజు పన్నెండు లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తరువాతివాళ్ళది.

వెంటనే గాలి కమిటీ వేశాను. అధ్యక్షుణ్ణీ సభ్యుణ్ణీ నేనే. షాపింగ్ యాప్‌లో, కరెంటుతో గాలి కొట్టే కంప్రెసర్ల మీద ప్రజాభిప్రాయం సేకరించాను. ఒకాయన "డబ్బా బాగుంది, ఇంకా తెరవలేదు" అని ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. ఎంత ఒత్తిడి ఇస్తుందో గుమ్మడికాయంత అక్షరాల్లో వేస్తారు, నిమిషానికి ఎంత గాలి తోస్తుందో ఆవగింజంత అక్షరాల్లో వేస్తారు. జీపు టైరుకు కావలసింది ఆ ఆవగింజే. అందుకని అన్నిటికన్నా పెద్దదాన్ని తెప్పించాను.

వచ్చిన రోజే దాని వైరును జీపులోని సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి నొక్కాను. ఫ్యూజు పోయింది. రేడియో కూడా దాంతో సహగమనం చేసింది. పెద్ద కంప్రెసర్ లాగే కరెంటు ఆ సాకెట్ వల్ల కాదని, నేరుగా బ్యాటరీకే కలపాలని దాంతో వచ్చిన పుస్తకం తొమ్మిదో పేజీలో ఉంది. (నేను ఎనిమిది దాకా చదివాను.) లావు వైరు కొని, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, వైరు చివర రెండు క్లిప్పులు బిగించాను.

"ఇంత లావు వైరెందుకురా, గేదెను కట్టేస్తావా?" అంది అమ్మ.

"కరెంటు ఎక్కువ పోతుందమ్మా."

"చదువుకున్నోడివి, నీకు తెలీదా ఏంటి," అని ఊరుకుంది. ఆ ధైర్యంతోనే కాలిపంపును అటక ఎక్కించాను.

సంతకం పెట్టాల్సిన రోజు నాన్నా, చెల్లీ, నేనూ ఇసుక హాయిగా దాటాం. తారురోడ్డు అంచున జీపు ఆపించి, బానెట్ ఎత్తి, క్లిప్పుల్ని బ్యాటరీకి, ఎరుపును ఎరుపుకీ నలుపును నలుపుకీ తగిలించాను. అక్కడ రెండు శాసనాలు ఎదురయ్యాయి. కంప్రెసర్ పుస్తకంలో "ఇంజను నడుస్తుండగానే వాడవలెను" అని ఉంది. బానెట్ లోపల ఎర్రటి అక్షరాల్లో "బానెట్ తెరిచినప్పుడు ఇంజను ఆపవలెను" అని ఉంది. బ్యాటరీ ఉన్నదేమో బానెట్ కింద.

శాసనాలు పేచీ పడితే పైఅధికారికి విన్నవించుకోవాలి. కస్టమర్ కేర్‌కు సందేశం పెట్టాను. "మీ సమస్య మాకు ముఖ్యం. మీరు వరుసలో ఉన్నారు" అని జవాబొచ్చింది. ఈలోపు ఎరుపు రంగును గౌరవించి ఇంజను ఆపమన్నాను.

"ఆపితే బ్యాటరీ దిగిపోదూ? నీకు కచ్చితంగా తెలుసా అన్నయ్యా?" అంది చెల్లి.

అది చాలా సులువైన ప్రశ్న. దానికి నా దగ్గర నిజమైన జవాబు కూడా ఉంది, దాన్ని పక్కన పెట్టాను.

"అచ్చేసి ఉంది," అన్నాను.

"వాడు చదివాడు కదమ్మా," అని నాన్న తాళం తిప్పేశాడు.

రెండు టైర్లు రాయిలా బిగిశాయి. మూడోదాని దగ్గర కంప్రెసర్ గొంతు బొంగురుపోయి, మూలిగి, ఆగింది. నాన్న తాళం తిప్పితే జీపు "టిక్" మంది. తోసి స్టార్ట్ చేద్దామంటే మెత్తటి టైర్లు రెండూ ఇసుకను వదలనంటున్నాయి. నాన్న, కాలిపంపు ఎక్కిన మా ఇంటి అటక ఉన్న దిక్కుకు ఒకసారి చూశాడు, అంతే.

చెల్లి రోడ్డెక్కి, వస్తున్న నీళ్ళ ట్యాంకరుకు చెయ్యెత్తింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఆసుపత్రికి."

"ఏమైంది, ఎవరికి?"

"మా అన్నయ్యకి. ఆయన్ని ఇక్కడే ఉంచుదాం, ప్రాణానికేం ఫర్వాలేదు," అని ఎక్కి కూర్చుంది.

పన్నెండు కొట్టేలోపే సంతకం పెట్టానని ఫోన్ చేసింది. సాయంత్రం కస్టమర్ కేర్ తీర్పు కూడా వచ్చింది: "రెండు సూచనలూ సరైనవే. దయచేసి రెండూ పాటించండి. మా సేవకు రేటింగ్ ఇవ్వండి." ఐదు నక్షత్రాలు ఇచ్చాను. (ఇవ్వకపోతే ఆ పేజీ మూసుకోదు.)

చెల్లి మొదటి సెలవుకు ఇంటికొచ్చేసరికి రాజ్యాంగానికి సవరణ జరిగిపోయింది. అమ్మ కొత్త మిక్సీ తాలూకు పుస్తకాన్ని నన్ను దాటించి తీసుకెళ్ళి చెల్లి ఒళ్ళో పెట్టింది. చెల్లి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు తెలీదమ్మా. షాపువాణ్ణి అడుగు."

ఇంటి కప్పు కూలలేదు. నాన్న తింటున్న ముద్ద ఆగలేదు. అమ్మ సరేనని షాపువాణ్ణి అడగడానికి వెళ్ళింది.

ఇన్నేళ్ళ చదువులో ఆ జవాబుకు కూడా మార్కులు ఉంటాయని నాకు ఏ గైడులోనూ కనిపించలేదు.