గారు పట్టని గది

ఆ ఆదివారం ఉదయం వీరవేణి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా నరసాపురం నుంచి భీమవరం చేరాలి. కంప్యూటర్ మీది గుడ్డ తీసి బొట్టు పెట్టాలి. వచ్చిన పెద్దమనుషుల పేర్లు ప్రింటర్ మీద టకటకా కొట్టించి చూపాలి. మధ్యాహ్నం బూరెలు తినాలి. సాయంత్రం కుక్కుటేశ్వరరావు గారు "ఉద్యోగం ఖాయం" అనగానే బస్సెక్కి, తండ్రి బుల్లియ్య చేపల తట్ట దింపుకుని కూర్చునే వేళకి ఆయన చెవిన ఆ మాట వేయాలి.

కుక్కుటేశ్వరరావు గారు ఇత్తడి సామాన్ల షావుకారు. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో ఆయనకి కంప్యూటర్ కొనాలనిపించింది. ఎందుకనిపించిందో ఆయనకీ సరిగ్గా తెలియదు. కొట్టు వెనక పసుపు బస్తాలున్న గది ఖాళీ చేయించి, ఏసీ పెట్టించి, కాకినాడలో ఆ చదువు చదువుకొచ్చిన వీరవేణిని మూడు నెలల మాట మీద పెట్టుకున్నారు. "ప్రారంభం రోజు ఊళ్ళో పెద్దలకి భోజనాలు. పరువుగా గట్టెక్కితే నీ ఉద్యోగం ఖాయం. లేదంటే మెషిన్ వెనక్కి పంపేసి పసుపు బస్తాలు లోపల పెట్టించేస్తానమ్మా," అని ముందే చెప్పేశారు. దాపరికం ఆయన ఒంట్లో లేదు.

ఆహ్వాన పత్రికల మీద పేర్లు కంప్యూటరే రాయాలన్నది కూడా ఆయన ముచ్చటే. ప్రెస్‌లో అచ్చేసిన కార్డు మీద రెండు ఖాళీలు: ఒకటి పేరుకి, రెండోది ఆ ఇంటి నుంచి ఎంతమంది భోజనానికి రావాలో ఆ అంకెకి. మెషిన్ లోపల కూడా అంతే. పేరుకి ఒక గది, ఆ పక్కనే అంకెకి ఇంకో గది. పేరు గది ఎంతుండాలో వీరవేణి జాబితాలోని అన్నిటికన్నా పొడుగు పేరు చూసి కొలిచింది. ఎందుకైనా మంచిదని ఇంకో రెండక్షరాల చోటు ఎక్కువే ఉంచింది. నమూనా కార్డు తీసుకెళ్ళి షావుకారు గారికి చూపించింది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి అదిరిపడ్డారు.

"రామరామ! గారు ఏదమ్మా?"

"కంప్యూటర్ కదండీ, ఉత్త పేరే ఇంగ్లీషులో…"

"కంప్యూటర్ అయితే మాత్రం మర్యాద అక్కర్లేదా? ఇది పంపితే రేపు బజార్లో నా మొహం చూస్తారా ఎవరైనా? పెట్టు, అందరికీ పెట్టు!"

వీరవేణి పెట్టింది. ప్రోగ్రాంలో ఒక్క లైను మార్పు. అచ్చయి వచ్చిన మొదటి పది కార్డులూ పరీక్షగా చూసుకుంది. పదీ ముత్యాల్లా ఉన్నాయి. మిగతావి చూడలేదు. అన్నిటినీ గుమస్తా చిట్టియ్య సైకిల్ మీద ఊరంతా తిరిగి పంచిపెట్టి వచ్చాడు.

ఆదివారం పదింటికి అందరికన్నా ముందు తాతాజీ గారు దిగారు. షావుకారు గారి భార్య కన్యక గారికి స్వయానా అన్నగారు, రెండు రైసుమిల్లుల ఆసామి. కంప్యూటర్ సెంటర్‌కి మొదటి ఆర్డరు ఆయనే ఇస్తారని అందరి ఆశ. ఆయన మాత్రం గడప దాకా రాలేదు. ఎదురుగా సోడా బండి దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"అదేంటండి బావగారూ, అక్కడే ఆగిపోయారు? లోపలికి రండి!" అన్నారు షావుకారు గారు.

"నేను రాలేదండి. దారిన పోతూ ఆగాను." తాతాజీ గారు జేబులోంచి కార్డు తీశారు. "సున్నా మంది రావాలని రాశారు. ఇంట్లో ఐదుగురం. ఐదుగురమూ మానేశామండి."

వీరవేణి కార్డు చూసింది. పేరు, దాని వెనక గారు, అన్నీ చక్కగా ఉన్నాయి. పక్కన గుండ్రంగా సున్నా. తను ఎక్కించింది ఐదు. లోపలికి పరుగెత్తి మెషిన్ ముందు కూలబడింది.

తప్పు కనిపించడానికి రెండు నిమిషాలు పట్టలేదు. గది కొలిచింది గారు రాకముందు. గారు వచ్చాక మళ్ళీ కొలవలేదు. కాకినాడలో తను నేర్చుకున్న మెషిన్‌లో గదికీ గదికీ మధ్య కాస్త సందు ఉండేది. అక్షరం ఒకటి జారినా సందులో పడి ఊరుకునేది. ఇక్కడ గోడకి గోడ. పైగా ప్రతి పేరు చివరా "ఇంతటితో సరి" అని మెషిన్‌కి చెప్పడానికి కంటికి కనబడని సున్నా ఒకటి ఉంటుంది. తాతాజీ గారి పేరు గారుతో కలిసి గదిని సరిగ్గా నింపేసింది. చోటు దొరకని ఆ సున్నా పక్క గదిలోకి దిగి ఐదుని చెరిపేసింది.

"ఒక్కరితో పోతే బాగుణ్ణు దేవుడా," అనుకుంటూ జాబితా తీసింది. ఇంటిపేరు పూర్తిగా రాయాలని షావుకారు గారు పట్టుబట్టినవి మూడే పేర్లు. మిగతావి పొడి అక్షరాలతో బతికిపోయాయి. రెండో పేరు ఆశీర్వాదం మాస్టారిది, ఒకక్షరం ఎక్కువ. ఇంగ్లీషు గారులోని చివరి యూ పక్క గదిలో పడింది. మెషిన్‌కి ప్రతి అక్షరమూ లోపల ఒక అంకే, ఆ అక్షరం అంకె ఎనభై ఐదు. మూడో పేరు అమ్మిరాజు గారిది. ఆయనకి ఆర్, యూ రెండక్షరాలూ పడ్డాయి. పక్కపక్కన పడ్డ రెండిటినీ మెషిన్ కలిపి ఒకే పెద్ద అంకెగా చదువుతుంది. వీరవేణి కాగితం మీద లెక్క కట్టింది. నమ్మలేక మళ్ళీ కట్టింది. ఆ పైన పెన్సిల్ కింద పెట్టేసింది.

అప్పటికే వీధిలో పాట వినిపిస్తోంది. తెల్లపంచె కట్టుకుని ఆశీర్వాదం మాస్టారు ముందు నడుస్తున్నారు, వెనక జనం బారులు తీరి ఉన్నారు.

"మా ఇంట్లో నలుగురమేనండి," అన్నారాయన దణ్ణం పెడుతూ. "మీరేమో అంత ఆప్యాయంగా ఎనభై ఐదు మందిని పిలిచారు. తక్కువొస్తే బాగుండదని చర్చి పాటల బృందాన్నీ వాళ్ళ చుట్టాలనీ తెచ్చానండి. ఒక్కరు తగ్గలేదు, లెక్క చూసుకోండి."

షావుకారు గారు నోరు తెరిచేలోగా నాలుగు ట్రాక్టర్లు వచ్చి ఆగాయి. ఉండి ఊరికి అవతలి పల్లెలో చేపల చెరువులున్న అమ్మిరాజు గారు మొదటి ట్రాక్టర్ దిగి, చేతులు జోడించారు.

"క్షమించాలండి. ఇరవై ఒక్క వేల ఎనిమిది వందల నలభై రెండు మందిని తీసుకురమ్మన్నారు. మా ఊళ్ళో పసిపిల్లలతో కలిపినా పన్నెండొందలు దాటరండి. పనులకి పోయినవాళ్ళు పోగా ఈ నూట అరవై మందే దొరికారు. తక్కువయ్యారని ఏమనుకోకండి."

"ఒక్క ఫోన్ చేసి అడగాల్సిందండి," అన్నారు షావుకారు గారు పీలగొంతుతో.

"అన్నానికి పిలిచినవాళ్ళని ఎంతమందిమి రావాలని అడుగుతామాండి? అది మర్యాదేనా?"

వంట పాపాయమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "బాబుగారూ, మూడొందల మందికే వండాను. పనసపొట్టు కూర ఎలాగో సర్దుతాను. అన్నం మాత్రం నావల్ల కాదండి." షావుకారు గారు పసుపు బస్తాల గది వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపు వీరవేణికి అర్థమైంది.

"తప్పు మెషిన్‌ది కాదండి, నాదే," అంది. "గారు రాసే ముందు గది సరిపోతుందో లేదో చూడలేదండి."

అవతల కన్యక గారు రోడ్డు దాటి, అన్నగారి చేతిలో కార్డు లాక్కుని చూశారు.

"దీనికా అలిగావు అన్నయ్యా? నెంబర్లేసేది పైవాళ్ళకి. ఇంటివాళ్ళని లెక్కపెట్టి పిలుస్తారా ఎవరైనా? నీకు ఐదని వేస్తే అప్పుడు అడుగు, నేనే ఊరుకోను!"

ఆవిడకి మెషిన్ సంగతి తెలిసే అన్నారో, తెలియకే అన్నారో వీరవేణికి ఈనాటికీ తెలియదు. తాతాజీ గారి మొహం మాత్రం విప్పారింది. చరచరా లోపలికొచ్చి జనాన్ని చూసి, బావగారి మీద కేకలేశారు. "ఇంతమందిని పిలుచుకుని బియ్యం సంగతి నాకు చెప్పరా? నేనేమన్నా పైవాణ్ణాండీ?" అరగంటలో మిల్లు నుంచి బస్తాలు దిగాయి. చర్చి వాళ్ళూ పల్లె వాళ్ళూ కలిసి గాడిపొయ్యి తవ్వారు.

అన్నం ఉడికేలోగా వీరవేణి ప్రోగ్రాం సరిచేసింది. గది ఎంతో ముందే చెప్పి, చివరి గడి సున్నాకి వదిలి, నిండగానే రాయడం ఆపేసేలా సొంతంగా ఒక ముక్క రాసుకుంది. ఆ ప్రోగ్రాం భాషతో అటువంటిది అప్పట్లో వచ్చేది కాదు, ఎవరిది వాళ్ళు రాసుకోవలసిందే. గారు తెగితే షావుకారు గారు ఒప్పుకోరని గదినే రెట్టింపు చేసింది. తర్వాత గంటసేపు వచ్చినవాళ్ళందరి పేర్లూ గారుతో సహా కొట్టి ఇచ్చింది. ట్రాక్టర్ డ్రైవర్ తన కాగితం మడత పెట్టి జేబులో దాచుకున్నాడు. అతన్ని గారు అన్నది అదే మొదటిసారట.

సాయంత్రం షావుకారు గారు ఆకువక్క నములుతూ వచ్చారు. "గారు పెట్టమన్నది నేను కదా. సగం తప్పు నాది. మిగతా సగానికి రేపు తొమ్మిదింటికల్లా వచ్చేయి," అన్నారు. వీరవేణి ఆ మాట తండ్రి చెవిన వేయడానికి బస్సుకి పరుగెత్తింది.

మర్నాడే తాతాజీ గారు మొదటి ఆర్డరు తెచ్చారు. మనవరాలి ఓణీల వేడుకకి నూట నలభై కార్డులు.

"ఎవరింటికి ఎంతమందని వేయమంటారండి?"

"అందరికీ సున్నా వేసెయ్యమ్మా. నిన్న నాలుగనీ ఆరనీ వేయించుకున్నవాళ్ళు మమ్మల్ని పైవాళ్ళని చేశారని ఊరంతా గోల పెడుతున్నారు."

వీరవేణి నూట నలభై సున్నాలు ఎక్కించింది. ఈసారి వంట కూడా పాపాయమ్మదే. ఎంతమందికి బియ్యం పోయాలో అడగడానికి ఆవిడ ఏసీ గదిలోకి వచ్చింది. కంప్యూటర్ కార్డుల మీది అంకెలన్నీ కూడి, ఒక్క తప్పు కూడా లేకుండా, సున్నా అని చెప్పింది.