పిడుగు బండెక్కిండు

మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రామలింగం ఆ ఉదయం పెళ్లి ఆర్డరు మాట్లాడేందుకు స్టేషన్ ఘన్‌పూర్ రైలెక్కాడు. కోడలు శ్రావణి ఉతికిన బట్టలతో డాబా మీదికి వెళ్లింది. ఫ్రిజ్ మీద ఆమె ఫోను మోగితే అత్తగారు వరలక్ష్మి తీసి చూసింది.

మెసేజ్ పంపినవాడి పేరు ‘డేగ’. “పిడుగు బండెక్కిండు. కమాండర్‌కు అనుమానం రాలే. సరుకు తెస్తున్న, తలుపు తీసి పెట్టు.”

వరలక్ష్మి ఆ మాటలు రెండుసార్లు చదివింది. ఏదో దొంగల ముఠా పాపం కొత్త కోడలిని బెదిరిస్తోందనుకుంది. ముందు పిల్లను కాపాడాలి. గబగబా మెట్లెక్కి డాబా తలుపుకు గొళ్లెం పెట్టింది.

“అత్తమ్మా, తలుపెందుకు పెట్టిన్రు?”

“ఫికర్ చెయ్యకు బిడ్డా. నీ మీద ఈగ వాలనియ్య. సప్పుడు చెయ్యకు!”

వెంటనే భర్తకు ఫోన్ చేసింది. “ఇంటున్నరా? మనింటికి దొంగలొస్తున్నరు. వాళ్లల్ల పిడుగు అనేటోడు బండిలనే ఉన్నడంట. జర పైలం!”

రామలింగం ఎదుటి సీట్లో కునుకుతున్న బక్కపలచని ముసలాయనను ఎగాదిగా చూశాడు. ఎందుకైనా మంచిదని కాజీపేటలోనే దిగి ఆటో ఎక్కాడు.

ఇక్కడ వరలక్ష్మి పిలిస్తే పక్కింటి పద్మలత చపాతీ కర్రతో వచ్చింది. ఇద్దరూ తలుపు వెనక నక్కారు. గేటు చప్పుడైంది. గోనెసంచులు చుట్టిన పెద్ద మూటను నెత్తిన పెట్టుకుని ఎవరో వస్తున్నారు. ముఖం కనిపించడం లేదు.

పైనుంచి శ్రావణి అరిచింది. “డేగా! లోపలికి రాకు!”

ఇంకేం, వరలక్ష్మి చీపురు తిరగేసి పిక్కల మీద వాయించింది. పద్మలత బకెట్ నీళ్లు కుమ్మరించింది.

“అమ్మా, నేనే!” అంటూ మూట కింది నుంచి కొడుకు భానుచందర్ బయటపడ్డాడు. మూటలో వాలుకుర్చీ ఉంది.

అప్పుడే రామలింగం రొప్పుతూ వచ్చాడు. “పిడుగు దొరికిండా?”

“పిడుగు నువ్వే బాపూ!”

డాబా నుంచి విడుదలైన శ్రావణి తలవంచుకుని చెప్పింది. “మేం చూసే అంతరిక్షం సిరీస్‌ల పైలట్లు రేడియోల అసలు పేర్లతోని పిలుచుకోరు అత్తమ్మా. ఒక్కొక్కలకు ఒక కాల్‌సైన్ ఉంటది. గట్లనే మనింట్ల గూడ పెట్టుకున్నం.”

వరలక్ష్మి ముఖం చిన్నబోయింది. “అందరికి పెట్టుకున్రు. నాకొక్కదానికే లేదు.”

“కమాండర్ మీరే గదా! ఎవరు ఎంత దూరం పోయొచ్చినా, వచ్చిన్రా, తిన్నరా అని అడిగేది మీరే. రోజూ వంటింటి గడప కాడ నిలబడి సిరీస్ చూస్తున్నరు. మోకాళ్లు నొస్తయని ఈ కుర్చీ.”

“నేనేడ సూస్తున్న? పప్పు ఉడికిందా లేదా అని నిలబడుతున్న,” అంటూనే వరలక్ష్మి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత కొడుకు పిక్కలకు కొబ్బరినూనె రాసింది.

సాయంత్రం వాలుకుర్చీ టీవీ ముందుకు చేరింది. అంతరిక్షనౌక ఇంకా నేల విడవనే లేదు, కమాండర్ గుర్రు పెట్టింది. భానుచందర్ మెల్లగా రిమోట్ అందుకుని టీవీ కట్టేశాడు.

“ఎందుకు బంజేసినవ్‌రా? సూస్తలేనా?” అంది ఆమె, కళ్లు తెరవకుండానే.