పడుకునే ఉద్యోగం

చదువుకుంటూ చేసుకునే కొలువులు ఆ ఏడు కాలేజీలో మూడే మిగిలాయి: క్యాంటీన్లో పళ్లేలు కడగడం, లైబ్రరీలో పుస్తకాలు సర్దడం, నర్సింగ్ విభాగంలో ఉత్తుత్తి రోగిగా పడుకోవడం. ఇంట్లో అందరూ చిన్నోడు అని పిలిచే కుర్రాడు మూడోదాన్ని చూశాక మరో ఆలోచన పెట్టుకోలేదు.

"లైబ్రరీకి పోరా, నాలుగు ముక్కలు చదువుకోవచ్చు," అంది, అప్పటికే క్యాంటీన్లో టీలు అందిస్తున్న అక్క.

"పడుకుని కూడా చదువుకోవచ్చక్కా."

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. పడుకుని తింటే ఏమవుతుందో పెద్దలెవరూ చెప్పిపోలేదు.

ఆ ఉదయం అతని పథకం సిద్ధంగా ఉంది. ఎనిమిదింటికి మంచమెక్కి, దుప్పటి కింద ఆర్థికశాస్త్రం తిరగేసి, పదిన్నరకు నేరుగా పరీక్ష హాలుకు పోవాలి. ఆ సబ్జెక్టు ఒకసారి తప్పాడు. మళ్లీ తప్పితే ఏడాది గంగలో కలిసినట్టే.

నర్సింగ్ మేడమ్ అతనికి గౌను తొడిగించి, తలకు కట్టు కట్టించి, పాత్ర వివరించింది. "నీ తలకు దెబ్బ తగిలింది. ఏదో అర్జెంటు పనుందని మంచం దిగి పారిపోబోతుంటావు. మా స్టూడెంట్లు అరవకుండా, బుజ్జగించి పడుకోబెట్టాలి. దానికే వాళ్లకు మార్కులు."

చిన్నోడు బుద్ధిగా తలూపి, రెండో పేజీకే గుర్రు పెట్టాడు. పారిపోని రోగిని ఆపడమెలాగో తెలియక ఆ పూట వంతు వచ్చిన ఇద్దరు స్టూడెంట్లు, ఒక పొడుగమ్మాయి, ఒక కళ్లజోడు అబ్బాయి, గుడ్లప్పగించి నిలబడ్డారు. మార్కులు కళ్లముందే ఆవిరైపోతున్నాయి.

అతనికి మెలకువ వచ్చేసరికి గోడ గడియారం పదింబావు చూపిస్తోంది.

"అమ్మో, పరీక్ష! తప్పుకోండి, వెళ్లాలి!"

ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి.

"అలాగే బాబూ, వెళ్దురుగాని. ముందు పడుకోండి," అంది పొడుగమ్మాయి, గొంతులో తేనె ఒలికిస్తూ.

"నాటకం కాదండీ, నిజంగానే పరీక్ష!"

"అవును బాబూ, నిజమే. ఇవాళ ఏ వారమో చెప్పండి?"

"గురువారం!"

"బుధవారం," అని కళ్లజోడు అబ్బాయి జాలిగా తల నిమిరాడు.

వీళ్ల మార్కుల పిచ్చి తగలెయ్య అనుకుని చిన్నోడు కిటికీ దూకాడు. కింది అంతస్తు కాబట్టి కాళ్లు దక్కాయి గానీ, గౌను వెనక ముడులు కట్టుకునే తీరిక దక్కలేదు. రోగి చేజారితే సున్నాయేనని మేడమ్ కేకేయడంతో ఇద్దరూ చక్రాల కుర్చీ తోసుకుంటూ వెంటపడ్డారు. తలకట్టుతో పరుగెత్తేవాణ్ణి చూసి వాచ్‌మన్ ఈల వేశాడు. ఆ ఈలకు తోటమాలి నీళ్ల పైపు వదిలేసి అడ్డొచ్చాడు. ఆ నీళ్లలోనే జారుకుంటూ చిన్నోడు పరీక్ష హాలు తలుపు తోసుకుని లోపల పడ్డాడు.

లోపల పరీక్ష లేదు. లెక్చరర్ల మీటింగు నడుస్తోంది. అక్క టీ కప్పుల పళ్లెంతో అలాగే నిలబడిపోయింది.

"పరీక్ష రేపురా! ఇవాళ బుధవారం!"

చిన్నోడికి సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా ఏడాది దక్కిందన్న సంతోషం ముందు ఆ సిగ్గు ఏపాటిది? ఒక చేత్తో గౌను వెనక పట్టుకుని, లెక్చరర్లందరికీ రెండో చేత్తో దండం పెట్టాడు.

ఇంతలో మేడమ్ రొప్పుతూ వచ్చింది. "ఇంత బాగా చేసినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదయ్యా! రేపు రెండో బ్యాచ్. ఇదే టైముకి వచ్చెయ్."

"రేపు కుదరదు మేడమ్, నాకు పరీక్ష ఉంది."

పొడుగమ్మాయి అతణ్ణి మెల్లగా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పింది.

మేడమ్ ఆమెకు పూర్తి మార్కులు వేసింది.